ఇంటి మనిషివే అంటారు, జీతం స్లిప్పు మాత్రం ఇవ్వరు

(ఈ శీర్షికలో పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాస్తున్నవారు కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన అధికారి. ఉత్తరాలు రాసినవారి పేర్లు, షాపుల పేర్లు తీసేశాం.)

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర ఊరు. బీకాం చదివి 2017 జూలైలో వరంగల్‌లో ఒక ఎరువులు, పురుగుమందుల షాపులో అకౌంట్స్ పనికి చేరాను. షాపు, గోదాం, ఎనుమాముల మార్కెట్ దగ్గర రెండో కౌంటర్ కలిపి పదహారు మందిమి ఉంటాం. హమాలీలు వేరే. కాగితం మీద మాత్రం మూడు ఫర్మ్‌లు. ఒకటి పెద్ద సార్ పేరు మీద, ఒకటి మేడం పేరు మీద, ఒకటి చిన్న సార్ పేరు మీద. మూడింటి లెక్కలూ నేనే రాస్తాను. గల్లా ఒక్కటే.

జీతం 18,000. అందులో 12,000 బ్యాంకులో వేస్తారు, 6,000 చేతికిస్తారు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. అడిగితే పెద్ద సార్ "నువ్వు ఇంటి మనిషివి, నీకు పీఎఫ్ ఏందిరా" అని నవ్వుతారు. ఇంటి మనిషినే. మధ్యాహ్నం చిన్న సార్ కొడుకును స్కూల్ నుంచి తోలుకొచ్చేది నేను. వాళ్లింట్లో ఇరవయ్యొక్క దినం ఫంక్షన్ అయితే కుర్చీలు వేసేది, విస్తర్లు ఎత్తేది మా షాపు పిల్లలు. ఆ రోజు పని చేసినందుకు పైసలు ఉండవు, రాకపోతే మాత్రం ఆబ్సెంట్.

పెద్ద సార్ ఒక రైతుకు ఉద్దెర ఇవ్వమంటారు. ఇస్తే సాయంత్రం చిన్న సార్ వచ్చి "ఎవన్ని అడిగి ఇచ్చినవ్" అని నలుగురు రైతుల ముందు అరుస్తాడు. పక్కనే కూర్చున్న పెద్ద సార్ నేనే చెప్పిన అనరు, పేపర్ చదువుకుంటారు. మేడం ఇంట్లో ఉండి ఫోన్‌లో సీసీ కెమెరా చూస్తూ "ఎవరితోని అంతసేపు ముచ్చట" అని ఫోన్ చేస్తారు. మేడం తమ్ముడు మేనేజర్. ఆయన ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో ఎవరికీ తెలియదు. మాకు మాత్రం పది నిమిషాలు లేటైతే 200 కట్. పోయినేడు స్టాకులో షార్టేజ్ వచ్చిందని గోదాం తాళం కూడా నా దగ్గర లేకపోయినా నా జీతంలో 4,000 పట్టుకున్నారు. సీజన్‌లో రాత్రి పదింటి దాకా ఉంచి "ఇప్పుడు పది గంటలు చేయించుకోవచ్చని గవర్నమెంటే జీవో ఇచ్చింది" అంటాడు చిన్న సార్. మొన్న మేడారం జాతరకు రెండు రోజులు లీవ్ అడిగితే "నువ్వు పోకుంటే సమ్మక్క గద్దెకు రాదా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చేరినప్పుడు నా డిగ్రీ ఒరిజినల్స్, సంతకం పెట్టిన రెండు ఖాళీ చెక్కులు తీసుకున్నారు. మానేస్తే ఈ మార్కెట్‌లో ఇంకే షాపులోనూ చేరనని కూడా రాయించుకున్నారు. పోయిన వానాకాలం యూరియా కోసం రైతులు లైన్లు కట్టినప్పుడు, హమాలీల వేలిముద్రలు పెట్టించి వాళ్లే బస్తాలు కొన్నట్టు మిషన్‌లో కొట్టమన్నారు. కొన్ని కొట్టాను. ఈసారీ అదే చెప్తారని భయంగా ఉంది.

ఇన్ని చెప్పినా ఒకటి మర్చిపోలేను సార్. 2021లో కరోనాతో మా నాన్నను ప్రైవేట్ హాస్పిటల్‌లో వేస్తే పెద్ద సార్ 40,000 కట్టారు. తర్వాత ఏడాదిన్నరలో నా జీతంలోంచి మొత్తం పట్టుకున్నారు. అయినా ఏదైనా అడిగితే "మీ నాయినను బతికించింది ఎవరు" అంటారు. పొద్దున షట్టర్ ఎత్తుతుంటేనే చేతులు చల్లబడుతున్నాయి. మా ఆవిడ మానెయ్యమంటోంది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినట్టవుతుందా? మానేస్తే నాకు ఏమన్నా వస్తుందా?

జవాబు: తమ్ముడూ, యూరియా సంగతి ముందు. మిగతావన్నీ నెల ఆగుతాయి, ఇది ఆగదు. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు రైతుకు చేరడానికే అమ్మకం నమోదు చేసే ఆ పీఓఎస్ మిషన్, ఆధార్ వేలిముద్ర పెట్టారు. మిగతా ధర సర్కారు సబ్సిడీగా కంపెనీకి కడుతుంది. కొనని మనిషి వేలిముద్రతో కొన్నట్టు చూపిస్తే అది 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి, 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కిందికి పోయే కేసు. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగేది మిషన్ దగ్గర కూర్చున్నదెవరని. అప్పుడు ఇంటి మనిషిని ఎవరూ గుర్తుపట్టరు. ఇకమీదట ఒక్క బస్తా కూడా అలా కొట్టకండి. ఎదురుతిరిగి మాట్లాడే అవసరం లేదు. వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టండి: "సార్, రైతు వచ్చి వేలు పెట్టినంక కొడతాను." ఆ మెసేజ్ డిలీట్ చేయకండి. కొట్టేసిన వాటి గురించి ఒక లాయర్‌తో మాట్లాడి పెట్టుకోండి. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి, లేదంటే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఇంకొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి అక్కడ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

ఇక ఉప్పు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ నలభై వేలే. ఆయన కట్టిన రోజు అది సాయం. జీతంలో పట్టుకోవడం మొదలుపెట్టిన రోజు అది అప్పు. చివరి కిస్తు పట్టుకున్న రోజు ఆ అప్పు తీరింది. ఆపదలో చెయ్యి అడ్డుపెట్టిన మాట నిజమే, దానికి మీ మనసులో కృతజ్ఞత ఉండాలి, ఉంది కూడా. కానీ ఆ కృతజ్ఞతకు ఈఎస్ఐతో, ఓవర్‌టైమ్‌తో, విస్తర్లు ఎత్తడంతో లెక్క కట్టే హక్కు ఆయనకు లేదు. పైగా ఒక మాట గమనించండి. మీకు ఈఎస్ఐ ఉండి, మీ మీద ఆధారపడ్డవాడిగా మీ నాన్న పేరు అందులో రాయించి ఉంటే ఆ ఆస్పత్రి ఖర్చులో కొంతైనా అక్కడ తీరేదేమో. 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు, పదిమంది, ఆపైన పనిచేసే చోట ఈఎస్ఐ కట్టాలి. మీ 18,000 మీద యజమాని వాటా 3.25 శాతం, అంటే నెలకు 585 రూపాయలు. మీ వాటా 135. ఆ 585 ఆదా చేసుకున్నవారే తర్వాత 40,000 అప్పిచ్చి దాత అయ్యారు.

నేను సీట్లో ఉన్నప్పుడు స్టేషన్ రోడ్డు నుంచి, బీట్ బజార్ నుంచి ఇట్లాంటి కేసులు చాలా చూశాను. కుటుంబం నడిపే షాపులన్నీ చెడ్డవని నేను అనను. గుమాస్తా బిడ్డ పెళ్లికి బంగారం పెట్టిన సేట్లూ నాకు తెలుసు. అరుపులు, కెమెరాలు పెద్ద కార్పొరేట్ ఆఫీసుల్లోనూ ఉంటాయి. తేడా ఎక్కడంటే, అక్కడ మనిషి బయటికొచ్చేటప్పుడు చేతిలో ఒక ఫైలు ఉంటుంది. ఇక్కడ తొమ్మిదేళ్లు చేసినవాడు కూడా మా టేబుల్ ముందుకు ఉత్త చేతులతో వచ్చేవాడు. యజమాని తరఫు లాయర్ "ఈయన మా దగ్గర పనిచేసినట్టు ఆధారం ఏముంది" అనేవాడు. అందుకే మీకు నేను చెప్పేది ఒక్కటే: ముందు కాగితం, తర్వాత మాట, చివరికి రాజీనామా. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఒక సాయంత్రం ఓపిక నశించి, తాళాలు బల్ల మీద పడేసి వచ్చేస్తారు. ఇంటికొచ్చాక కాగితాల కోసం వెతుకుతారు.

మీ కాగితాలు ఏమిటో చెప్తాను. చేరిన నెల నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. ఏ నెల ఏ ఫర్మ్ ఖాతా నుంచి జీతం పడిందో చూడండి. ఇట్లాంటి చోట్ల ఒక నెల తండ్రి ఖాతా నుంచి, ఇంకో నెల కోడలి ఖాతా నుంచి పడుతుంటుంది. మూడూ ఒకటే సంస్థ అని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. మూడు ఫర్మ్‌ల పని గురించి పెద్ద సార్, చిన్న సార్, మేడం మీకు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు దాచండి. చేతికిచ్చే 6,000కు ఆధారం లేదు కాబట్టి, వచ్చే నెల నుంచి తీసుకున్న వెంటనే మర్యాదగా మెసేజ్ పెట్టండి: "సార్, ఈ నెల జీతం బ్యాంకులో 12,000, చేతికి 6,000 అందింది." వాళ్లు జవాబు ఇవ్వకపోయినా పర్వాలేదు. ఒక నోట్‌బుక్‌లో ఏ రోజు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి పోయారో, ఎంత కట్ చేశారో రాయండి. చేయకూడనిది కూడా చెప్పాలి: లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవడం, ఉద్దెర బుక్కులు ఇంటికి తేవడం. అవి వాళ్ల ఆస్తి. తెచ్చిన మరుక్షణం మీరు ఫిర్యాదుదారు కాదు, దొంగ.

వచ్చేదేమిటని అడిగారు. గ్రాట్యుటీ వస్తుంది, అంటే మానేసేటప్పుడు చేసిన ఏళ్లను బట్టి యజమాని ఇవ్వాల్సిన సొమ్ము. పదిమంది, ఆపైన పనిచేసే చోట ఐదేళ్లు నిండితే, చివరి జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే వచ్చేది ఒక ఏడాదికి. ఆర్నెల్లు దాటిన ముక్క నిండు ఏడాది కింద లెక్క. 2017 జూలై నుంచి 2026 ఏప్రిల్ దాకా అంటే మీకు తొమ్మిదేళ్లు. 18,000 మీద అది దాదాపు 93,460 రూపాయలు. కాగితం మీది 12,000 మీద లెక్కేస్తే 62,300. చేతికిచ్చే ఆరు వేలు మీకు ఎంత నష్టమో చూశారా, 31,000 పైనే. 1972 గ్రాట్యుటీ చట్టంలోని ఈ లెక్కే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. మానేసిన తర్వాత 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. మూడు ఫర్మ్‌లు, ఒక్కో దాంట్లో ఐదారుగురే అని వాళ్లు వాదిస్తారు. మూడింటి లెక్కలూ మీతోనే రాయించారు కదా, ఆ వాదానికి మొదటి జవాబు మీరే.

పీఎఫ్ మీద మాత్రం ఆశలు పెంచుకోకండి. దానికి 20 మంది ఉండాలి. హమాలీలను కాంట్రాక్టు కింద లెక్కలోకి తెస్తే దాటవచ్చు. వరంగల్‌లోనే పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది, అడిగి చూడండి. ఈ ఒక్కదాని కోసం మిగతావి ఆపుకోవద్దు.

లేటుకు 200 కోతా, షార్టేజ్ కోతా రెండూ తప్పే. జరిమానా వేయాలంటే ఏ తప్పుకు వేస్తారో ముందే నోటీసులో పెట్టి ఉండాలి, మీ సంజాయిషీ వినాలి, అన్నీ కలిపి నెల జీతంలో 3 శాతం దాటకూడదు. మీకైతే 540. షార్టేజ్ పట్టుకోవాలంటే ఆ సరుకు మీకు అప్పగించి ఉండాలి, అది మీ నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి. తాళం చేతిలో లేనివాడి జీతంలో గోదాం లెక్క పట్టుకోవడం నా సర్వీసులో కూడా తక్కువ చూశాను. ఇక పది గంటల జీవో. 2025 జూలైలో ప్రభుత్వం ఇచ్చింది నిజమే, కానీ అది షాపులు కాని వాణిజ్య సంస్థలకు. వాటికి కూడా వారానికి 48 గంటలే, దాటితే ఓవర్‌టైమ్ కట్టాలి. చిన్న సార్ సగం వార్త చదివినట్టున్నాడు.

ఇంకో షాపులో చేరనని రాయించుకున్న కాగితం గురించి నిద్ర పాడుచేసుకోకండి. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద, మానేసిన తర్వాత బతుకుదెరువును ఆపే ఒప్పందం చెల్లదు. కాగితం చెల్లకపోయినా ఫోన్ చెల్లుతుంది, డీలర్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. కాబట్టి కొత్త చోటు మాట్లాడుకున్నాకే కదలండి. సీడ్స్ కంపెనీల డిపోలు, పరకాల, జనగామ వైపు డీలర్లు, ఎవరికైనా అకౌంట్స్ తెలిసిన మనిషి కావాలి. జీఎస్టీ, టాలీ, పీఓఎస్ మూడూ వచ్చినవాడికి కొరత లేదు.

సర్టిఫికెట్లు ఉంచుకునే హక్కు వాళ్లకు లేదు. ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కౌంటర్‌లో పాత పేరు అడిగి తిరిగి రాకండి. ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు. సర్టిఫికెట్లు పోయాయని అబద్ధపు అఫిడవిట్ పెట్టి కాకతీయ యూనివర్సిటీలో డూప్లికేట్ తీసుకోమని ఎవరైనా సలహా ఇస్తారు, ఆ పని చేయకండి. చెక్కుల నంబర్లు రాసి, సెక్యూరిటీ కింద ఇచ్చిన ఖాళీ చెక్కులని చెప్పి బ్యాంకుకు స్టాప్ పేమెంట్ ఉత్తరం ఇవ్వండి. అంతమాత్రాన కేసు రాదని కాదు. ఎప్పుడైనా చెక్కు బౌన్సు నోటీసు వస్తే 15 రోజుల్లోపు లాయర్ చేత జవాబు ఇప్పించాలి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు చెప్తారు.

ఎప్పుడు మానాలి? మార్చి లెక్కలు ముగించి, ఏప్రిల్‌లో నెల నోటీసు ఇవ్వండి. మృగశిర కార్తె నాటికి మీరు బయట ఉండాలి, జూన్‌లో వదిలేస్తే సీజన్‌లో ముంచిపోయాడన్న మాట మార్కెట్ అంతా తిరుగుతుంది. రాజీనామాలో కారణాలు రాయకండి, తిట్లు అసలే వద్దు. చార్జి లిస్టు మాత్రం వివరంగా రాయండి: క్యాష్ ఎంత, తాళాలు ఎన్ని, ఉద్దెర బాకీ ఎంత, ఏ బిల్లులు పెండింగ్. దాని మీద పెద్ద సార్ సంతకం తీసుకోండి. పెట్టనంటే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి. తర్వాత వచ్చే "లెక్కల్లో తేడా ఉంది" అన్న మాటకు అదే మందు. కొత్త వేతన కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి రెండు పనిదినాల్లో జీతం బాకీ తీర్చాలి. నోటీసు ఇచ్చారని వాళ్లే ఆ రోజే పొమ్మంటే, ఆర్నెల్లు దాటిన ఉద్యోగికి షాపుల చట్టం కింద నెల నోటీసైనా, నెల జీతమైనా ఇవ్వాలని గుర్తుచేయండి.

చేతులు చల్లబడటం గురించి రాశారు. డాక్టర్‌కు చూపించుకోండి. 14416కు ఫోన్ చేస్తే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, పైసలు తీసుకోరు. మీ ఆవిడకు ఈ ఉత్తరం, ఈ జవాబు రెండూ చూపించండి. ఆమె మొదటే సరిగ్గా చెప్పింది.

ప్రశ్న: హనుమకొండలో ఒక పెద్ద చీరల షోరూమ్‌లో సేల్స్‌గర్ల్‌గా చేస్తున్నాను. ఓనర్ తమ్ముడు రాత్రిపూట మెసేజ్‌లు పెడతాడు. మొదట "గుడ్ నైట్", తర్వాత ఫోటో పంపమని. మా ఫ్లోర్ మేడంకు చెప్తే "వాళ్లింటోడు కదా, నువ్వే చూసీ చూడనట్టు ఉండు" అంది. ఓనర్ మీద ఓనర్‌కే ఎలా కంప్లయింట్ ఇవ్వాలి?

జవాబు: ఓనర్‌కు ఇవ్వకండమ్మా. పదిమంది, ఆపైన ఉన్న షోరూమ్‌లో ఇట్లాంటి ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం చెప్తుంది. లేకపోతే ఆ ఓనర్‌కు 50,000 దాకా జరిమానా. కానీ ఆరోపణ యజమాని మీదే అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. షోరూమ్ నడిపే పనుల్లో ఆయన పెత్తనం ఉంటే, పేరుకు తమ్ముడైనా చట్టం దృష్టిలో యజమానే. కలెక్టరేట్‌లో మహిళా శిశు సంక్షేమ శాఖను అడిగితే కమిటీ వివరాలు చెప్తారు. 181కు ఫోన్ చేసినా సఖి కేంద్రం వాళ్లు తోడు వస్తారు. చివరి మెసేజ్ వచ్చిన మూడు నెలల్లో ఫిర్యాదు రాతలో ఇవ్వాలి, ఆ గడువు దాటనివ్వకండి. స్క్రీన్‌షాట్లు తీసి అక్కకో చెల్లికో పంపి ఉంచండి. నంబర్ బ్లాక్ చేయాలనిపిస్తే స్క్రీన్‌షాట్లు తీసిన తర్వాతే చేయండి. ఫ్లోర్ మేడం అన్న మాట కూడా తేదీతో సహా రాసి పెట్టండి.

ప్రశ్న: పెద్దపల్లి దగ్గర మాకు రైస్ మిల్లు ఉంది. నాన్న, ఇద్దరు బాబాయిలు కలిసి నడుపుతారు. నేను ఎంబీఏ చేసి వచ్చాను. వర్కర్లు నిలవడం లేదు. చిన్న బాబాయి కొంచెం నోటి దురుసు మనిషి. అందరినీ ఒకసారి టూర్ తీసుకుపోయి మోటివేషన్ క్లాస్ పెట్టిద్దామనుకుంటున్నాను. మీ సలహా?

జవాబు: టూర్ పైసలు ఆపండి బాబూ. ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వండి, కొత్త కార్మిక కోడ్‌ల కింద అది ఇప్పుడు తప్పనిసరి. జీతం ఏడో తారీఖు లోపు బ్యాంకులో, మొత్తం బ్యాంకులోనే వేయండి. ముగ్గురన్నదమ్ముల్లో ఏ పనికి ఎవరి మాట చెల్లుతుందో మీరే ఒక కాగితం మీద రాసి ఆఫీసు గోడకు అంటించండి. లేకుంటే వర్కర్ రోజూ ఎవరో ఒకరి చేత తిట్టు తింటాడు. ఇంటివాళ్లు కూడా హాజరు పుస్తకంలో సంతకం పెట్టాలి, మొదటి సంతకం మీది.

చిన్న బాబాయి గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ నోటి దురుసు ఎట్లాంటిదో మిల్లు వదిలిపోయిన ముగ్గురు నలుగురికి ఫోన్ చేసి అడగండి. చెప్పడానికి మొహమాటపడతారు, అయినా అడగండి. విన్నది విన్నట్టు నాన్నగారి దగ్గర చెప్పండి. ఆయన "వాడంతే" అని కొట్టిపారేస్తే, మీరు ఆ మిల్లులో కూర్చోవాలో వేరే పని చూసుకోవాలో తేల్చుకుని అప్పుడు మళ్లీ రాయండి.